తెలుగు తెర మీద నేను, మేము, మనం
ఎస్వీ రంగారావు స్మారకోపన్యాసం, నూజివీడు



సామర్ల వెంకట రంగారావు గారు 1918 జులై 3న ఈ నూజివీడులోనే పుట్టారు. ఇక్కడున్న పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. పిల్లలు మాత్రం ఇవాళ గట్టిగా గుర్తుపెట్టుకుని వెళ్ళాలి. మద్రాసు, ఏలూరు, విశాఖపట్నం, కాకినాడల్లో ఆయన చదువు సాగింది. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో రాటుదేలారు. అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశారు. ‘వరూధిని’లో ప్రవరుడిగా తెరకెక్కారు. 1951లో ‘పాతాళభైరవి’ నేపాళ మాంత్రికుడు, 1955లో ‘బంగారుపాప’ కోటయ్య, 1957లో ‘మాయాబజార్’ ఘటోత్కచుడు, 1963లో ‘నర్తనశాల’ కీచకుడు. కీచకుడి పాత్రకు జకార్తా ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. 1974 జులై 18న మద్రాసులో కన్నుమూశారు. 2013లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది.

ఆయన పాత్రలన్నిటినీ ఒకసారి మనసులో వరసగా నిలబెట్టండి. మాంత్రికుడు, రౌడీ, రాక్షసుడు, కాముకుడైన సేనాని, జమీందారు, పెళ్ళీడు కొడుకుల తండ్రి. వీళ్ళంతా చాలావరకు తమను తాము ఒక్క ‘నేను’తోనే చెప్పుకున్నారు. తెలుగులో ఏకవచనానికి ఉన్నదీ అదొక్కటే. మరి ఒక్కొక్కరి ‘నేను’ ఒక్కోలా ఎలా వినిపించింది? రంగారావు గారి కంఠం ఒక కారణం, కాదనను. ఆ కంఠానికి మన భాష ఏం అందించింది అన్నదే ఇవాళ నా అంశం.

ఈ ప్రశ్న నాకు తట్టింది జపాను బొమ్మల సినిమాల దగ్గర. పెద్దలు అన్యథా భావించవద్దు. మన పిల్లలు ఇవాళ ఆనిమేలు చూస్తూ పెరుగుతున్నారు. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ సినిమా తెలుగు మాటలతో మన హాళ్ళకు వచ్చింది. అదే ఏడాది జనవరిలో, జపానుకు చెందిన యుగో సాకో 1992 నాటికి భారతీయ కళాకారులతో కలిసి తీసిన రామాయణం బొమ్మల సినిమా కూడా తెలుగులో విడుదలైంది. రాముడే ఆనిమేలోకి వెళ్ళి తిరిగి మన ఇంటికి వచ్చాక, ఆ కళ మనకు పరాయిది ఎలా అవుతుంది?

1. ఎన్నో ‘నేను’లున్న భాష

జపాను భాషలో ‘నేను’ అనడానికి చాలా మాటలున్నాయి. మర్యాదగా మాట్లాడేవాళ్ళు ‘వతషి’ అంటారు. మెత్తని మగపిల్లాడు ‘బొకు’ అంటాడు. దూకుడుగలవాడు ‘ఒరె’ అంటాడు. ఆడపిల్ల చనువుగా ‘అతషి’ అంటుంది. కథల్లో ముసలాయన ‘వషి’ అంటాడు. పల్లెటూరివాడు ‘ఒర’ అంటాడు. పాతకాలపు కత్తివీరుడు తనను తగ్గించుకుని ‘సెస్ష’ అంటాడు.

రాసేవాళ్ళకు ఇది పెద్ద సదుపాయం. ‘డోరేమాన్’లో భయస్థుడు నొబితా ‘బొకు’ అంటాడు, వాణ్ణి ఏడిపించే జియాన్ ‘ఒరె’ అంటాడు. ఇద్దరి స్వభావాలూ నోరు తెరవగానే తెలిసిపోతాయి. ‘డ్రాగన్ బాల్’ వీరుడు గోకూ లోకాలను కాపాడేంత బలవంతుడు, అయినా కొండల్లో పెరిగినవాడు కనుక చివరిదాకా ‘ఒర’ అనే అంటాడు. ‘రురౌని కెన్షిన్’ కథానాయకుడు ఒకప్పుడు హంతకుడు. ఇక ఎవరినీ చంపనని ఒట్టు పెట్టుకుని తిరుగుతూ ‘సెస్ష’ అంటూ అణకువగా మాట్లాడతాడు. లోపలి పాత మనిషి లేచినప్పుడు మాత్రం ‘ఒరె’ అంటాడు. కత్తి దూయకముందే ఆ ఒక్క మాటతో చూసేవాడి గుండె ఝల్లుమంటుంది.

ఒసాకా విశ్వవిద్యాలయంలో పనిచేసిన భాషావేత్త కిన్సుయి సతోషి ఇలాంటి మాటతీరుకు ‘యకువరిగొ’ అని పేరు పెట్టి 2003లో ఒక పుస్తకం రాశారు. మన మాటల్లో దాన్ని ‘వేషభాష’ అందాం. ఆయన చెప్పినదాంట్లో ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇవాళ్టి జపానులో ముసలివాళ్ళందరూ కథల్లో ముసలివాళ్ళలా మాట్లాడరు. ఇప్పటి టోక్యో అయిన ‘ఎదో’ నగరంలో ఒకప్పుడు పెద్ద తరం పండితులు పశ్చిమ ప్రాంతపు మాటతీరును పట్టుకుని ఉన్నారు. ఆ మాటతీరు నాటకాల్లోకి, కథల్లోకి ఎక్కి, అసలు మనుషులు పోయినా వేషంగా మిగిలిపోయింది. వేషభాషకు కళే పుట్టిల్లు. మన పౌరాణిక నాటకాల్లో, సినిమాల్లో రాజులు మాట్లాడే తెలుగు కూడా అలాంటిదే. ఏ ఊళ్ళోనూ ఎవరూ అలా మాట్లాడరు, అయినా వినగానే రాజు అని పోల్చుకుంటాం.

2. మన ‘నేను’ ఉండే చోటు

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన ‘నేను’ను చూస్తే బీదగా కనిపిస్తుంది. మగా ఆడా తేడా చెప్పదు, వయసు చెప్పదు, హోదా చెప్పదు. పాత కావ్యాల్లో ‘ఏను’ కనిపిస్తుంది, మాటల్లో ‘నే’ ఉంది. అంతకుమించి లేదు. అయితే జపాను భాషకు లేని సంపద ఒకటి మనకుంది. అక్కడ క్రియ మనిషిని బట్టి మారదు. ఇక్కడ మారుతుంది. ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అనక్కర్లేదు. ఆ ‘ను’లో మనిషి ఉన్నాడు. ‘తాను వస్తానన్నాడు’ అనే వాక్యం చూడండి. చెప్పేది మూడో మనిషి గురించే, అయినా ‘వస్తాను’లో ఆ మనిషి ‘నేను’ చెక్కుచెదరకుండా కూర్చుంది.

నూజివీడు శ్రోతలకు ఎలా చెప్పాలా అని ఆలోచించాను. బంగినపల్లిని ముక్కలు కోసి పళ్ళెంలో పెడతాం. చిన్నరసాన్ని అలా కోయం, మెత్తగా పిసికి రసం పీలుస్తాం. జపాను ‘నేను’ ముక్కగా చేతికొస్తుంది. తెలుగు ‘నేను’ వాక్యమంతటా రసంలా కలిసి ఉంటుంది.

దీనివల్ల మన కళకు ఒక విచిత్రమైన లాభం కలిగింది. హిందీలో ‘నేను వచ్చాను’ అనాలంటే మగవాడు ఒకలా, ఆడమనిషి ఒకలా అనాలి. తెలుగులో ఇద్దరిదీ ఒకటే ‘వచ్చాను’. మారువేషానికి ఇంతకంటే అనువైన భాష ఉంటుందా? ‘కన్యాశుల్కం’ చివర మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. ఆవిడ ‘నేను’, ఆవిడ క్రియలు ఆమెను పట్టివ్వవు. ‘నర్తనశాల’లో అర్జునుడు బృహన్నలగా ఉన్నన్నాళ్ళూ అదే రక్ష.

‘మాయాబజార్’లో ఇది పతాకస్థాయికి చేరింది. రంగారావు గారి ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. అంటే సావిత్రి గారు ఇప్పుడు రంగారావు గారిని నటించాలి. జపానువాళ్ళయితే ఒక్క సర్వనామం మార్చి ఆ పని సగం చేసేవారు. సావిత్రి గారికి ఆ ఆసరా లేదు. నడకలో, భుజం విరుపులో, చూపులో, గొంతు దించడంలో రాక్షసుణ్ణి చూపించారు. పెళ్ళి పాటలో సుశీల గారి గొంతు మధ్య నుంచి ఘంటసాల గారి గొంతు తొంగిచూసింది. సర్వనామం చెప్పనిదాన్ని ఒళ్ళంతా కలిసి చెప్పింది. ఆ సన్నివేశానికి ఇన్నేళ్ళయినా వన్నె తగ్గకపోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

3. పేరు చెప్పుకుంటూ రావడం

తెలుగులో ‘నేను’ నామవాచకాలకు కూడా అంటుకుంటుంది. ‘నేను రైతును’, ‘నువ్వు రైతువి’, ‘మేము రైతులం’. వినేవాళ్ళకు ఇది మామూలుగా అనిపిస్తుంది. కానీ వృత్తి పేరుకో, ఊరి పేరుకో, సొంత పేరుకో ‘నేను’ను తొడగగలగడం అన్ని భాషలకూ దక్కిన అదృష్టం కాదు.

దీన్ని కళగా మలిచింది మన జిల్లాల మధ్యనున్న కూచిపూడి. భాగవత కళాకారుడు తెర వెనక నుంచి వస్తూ పాత్ర ప్రవేశ దరువు అందుకుంటాడు. ఆ దరువులో పాత్ర తన పేరు తానే చెప్పుకుంటుంది. ‘భామాకలాపం’లో సత్యభామ అలాగే వస్తుంది. ఆమె పేరు చివర ఉత్తమపురుష ప్రత్యయం తగులుకుని ఉంటుంది. ఆ చిన్న ప్రత్యయంలో ఆమె సౌందర్యగర్వం, కృష్ణుడు తనవాడేనన్న ధీమా ఉన్నాయి. తెర మీదుగా వేసిన జడ ఎంత చెబుతుందో ఆ ప్రత్యయమూ అంత చెబుతుంది. పద్మశ్రీ వేదాంతం సత్యనారాయణ శర్మ గారి వంటి పురుషులు ఆ సత్యభామను మన కళ్ళ ముందు నిలిపారు. భాష ఆడా మగా అని గీత గీయలేదు గనుక ఆ ‘నేను’ను వాళ్ళు నిస్సంకోచంగా తొడుక్కోగలిగారు. మొవ్వ క్షేత్రయ్య పదాల్లో పురుషుడైన కవి నాయిక గొంతుతో పాడటానికీ ఇదే తోవ చూపింది.

పేరు చెప్పుకునే ఈ సంప్రదాయం పాతబడిందని అనుకోకండి. 2021లో వచ్చిన ‘పుష్ప’ చూడండి. ‘నేను’ అనాల్సిన చోట ఆ పాత్ర మాటిమాటికీ తన పేరు చెబుతుంది. అది ఒట్టి బడాయని కొందరన్నారు. నాకలా అనిపించలేదు. ఆ కథలో అతనికి దక్కనిది ఇంటిపేరు. తండ్రి ఇంటివాళ్ళు కాదన్నారు. ముందు రావాల్సిన ఇంటిపేరును ఎవరూ ఇవ్వనప్పుడు ఉన్న ఒక్క పేరునే వందసార్లు చెప్పి నిలబెట్టుకోవాలి. రచయిత ఆ మనిషి గాయాన్ని అతను తనను చెప్పుకునే తీరులో పెట్టారు. ఆనిమేల్లో ‘ఒరె’ చేసే పనిని ఇక్కడ పేరు చేసింది.

4. మేము, మా, మనం

మన అసలు సంపద బహువచనంలో ఉంది. ఎదుటివాణ్ణి బయట ఉంచే ‘మేము’, లోపలికి తీసుకునే ‘మనం’. ఇది ద్రావిడ భాషల సొత్తు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి వంటి భాషావేత్తలు మూల ద్రావిడంలోనే ఈ తేడా ఉందని నిరూపించారు. జపాను భాషలో ఇన్ని ‘నేను’లు ఉన్నా, ఈ గడప లేదు.

ముందు ‘మేము’. పౌరాణికాల్లో రాజు ఒక్కడే ఉండి ‘మేము’ అంటాడు. అది బహువచనమైనా ఆ మాటలో ఒంటరితనం ఉంది. ఎదుటివాడు ఎప్పటికీ అందులో చేరడు. మనది సంస్థానపు ఊరు. కోట ఉంది, జమీందారుల జ్ఞాపకం ఉంది. 1948 నాటి చట్టంతో జమీందారీలు పోయాయి. జమీందారీ కుటుంబంలో పుట్టిన మేకా రంగయ్యప్పారావు గారు ఓట్లతో గెలిచి మంత్రిగా, తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతిగా పనిచేశారు. కాలం ‘మేము’ నుంచి ‘మనం’ వైపు నడిచిందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఈ ఊరికి అక్కర్లేదు. ఊళ్ళలో పోయిన ఆ పాత గొంతు సినిమాల్లో మిగిలింది. తెర మీది జమీందారుకు రంగారావు గారు ప్రాణం పోశారు.

తరవాత ‘మా’. ఒక్కతే కూతురైనా ‘మా అమ్మ’ అంటుంది. భర్త ‘మా ఆవిడ’ అంటాడు, భార్య ‘మా ఆయన’ అంటుంది. ఒక్కడే ఉంటున్నవాడూ ‘మా ఇల్లు’ అంటాడు. తెలుగువాడి సొంతమంతా ఇంటి ఉమ్మడి. అందుకే ఒక పాత్ర ‘మా అమ్మాయి’ అనాల్సిన చోట ‘నా కూతురు’ అంటే వినేవాడు ఉలిక్కిపడాలి. అక్కడ పట్టు ఉంది, లేదా పుట్టెడు దుఃఖం ఉంది. మంచి రచయిత ‘నా’ను దాచి దాచి సరైన చోట వాడతాడు. ఇవాళ్టి సినిమాల్లో ప్రతి తండ్రీ ‘నా కూతురు’ అంటున్నాడు. ఆ మాటకు ఇక బలమెక్కడిది?

ఇక ‘మనం’. ఇది మన తోటల్లో వాళ్ళకు నేను చెప్పాలా? కాపు గుత్తకు మాట్లాడుకునేటప్పుడు వ్యాపారి రైతుతో ‘ఈ రేటుకైతే మనకేం మిగులుతుంది చెప్పండి’ అంటాడు. ఆ ‘మన’లో నిజానికి ఉన్నది ఒక్కడే, అయినా రైతును పక్కన కూర్చోబెట్టుకున్నట్టు వినిపిస్తుంది. అదే గాలివానకు పిందె రాలిందనుకోండి, ‘మీ తోట’ అన్న మాట మొదలవుతుంది. ఇంత బేరం, ఇంత స్నేహం, ఇంత దూరం ఒక్క సర్వనామంలో పట్టే భాష మనది. కుర్రాళ్ళు ‘మనకి ఇలాంటివి పడవు’ అంటారు. ‘నాకు’ అనడానికి బదులు ‘మనకి’ అంటే వినేవాడు కూడా తన జట్టే అయిపోతాడు. ఆ మాట అనేవాడిలో ధీమా ఉంది, వెనక నలుగురున్నారన్న భరోసా ఉంది. తోడు లేని పిల్లవాడు అలా అనలేడు.

పింగళి నాగేంద్రరావు గారికి ఈ గుట్టంతా తెలుసు. అందుకే ‘మాయాబజార్’ రాక్షసుల నోట ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అనిపించారు. సంస్కృతంలో ‘అస్మదీయ’ అంటే మాది, మావాడు. దానికి జోడీగా ‘తసమదీయ’ను ఆయనే పుట్టించారు. లోకాన్ని మావాళ్ళు, వాళ్ళవాళ్ళు అని రెండుగా చీల్చే బుద్ధికి సర్వనామం నుంచే మాట అల్లారు. ఆ మాట తెర దిగి పత్రికల్లోకి వచ్చింది, రాజకీయాల్లో ఇవాళ్టికీ తిరుగుతోంది.

5. నువ్వు అనే అద్దం

ఇక్కడిదాకా చెప్పినదాన్ని ఒక ముడి వేస్తాను. జపాను పాత్ర తానెవరో ‘నేను’తో చెబుతుంది. తెలుగు పాత్ర తానెవరో ఎదుటివాణ్ణి పిలిచే పిలుపుతో చెబుతుంది. జపాను దూకుడు మనిషి తనను ‘ఒరె’ అంటాడని విన్నారు కదా. మన దూకుడు మనిషి ఎదుటివాణ్ణి ‘ఒరే’ అంటాడు. రెండు మాటలకూ చుట్టరికం లేదు, పోలిక యాదృచ్ఛికం. కానీ రెండు భాషలూ అహంకారాన్ని ఎక్కడ దాచుకుంటాయో ఇది చూపిస్తుంది. అక్కడ తన మీద, ఇక్కడ ఎదుటివాడి మీద.

మన మెట్లు లెక్కపెట్టండి. తమరు, మీరు, నువ్వు. అయ్యా, బాబూ, ఏమండీ, ఏవోయ్, ఒరే, ఏమే. మూడో మనిషికి వారు, ఆయన, అతను, వాడు. ఆవిడ, ఆమె, అది. వీటిలో ఏ మెట్టు మీద ఎదుటివాణ్ణి నిలబెడతామో, దాన్ని బట్టి మనం నిలబడే మెట్టు తేలుతుంది.

గురజాడ వారి ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ఆడింది. 1897లో అచ్చయింది. 1909లో తిరగరాసిన రూపంలో వచ్చింది. అందులో గిరీశాన్ని చూడండి. శిష్యుడి ముందు ఒక మనిషి, అగ్నిహోత్రావధాన్ల ముందు ఇంకో మనిషి, సౌజన్యారావు పంతులు ముందు మూడో మనిషి. ఇంగ్లీషు ముక్కలు ఎవరి ముందు కుమ్మరించాలో, ఎవరి ముందు మింగాలో అతనికి తెలుసు. మధురవాణి కూడా మనిషిని బట్టి మాట మారుస్తుంది, కానీ ఆమె మార్పులో ఎదుటివాడి నిజం బయటపడుతుంది, గిరీశం మార్పులో అతని డొల్లతనం బయటపడుతుంది. ఇద్దరిదీ ఒకటే ‘నేను’. వాళ్ళను విడదీసింది ఎదుటివాళ్ళతో వాళ్ళు మాట్లాడే తీరు.

రంగారావు గారి గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆయన ఘటోత్కచుడు అసురగణం ముందు మేఘంలా గర్జిస్తాడు. అదే మనిషి తల్లి హిడింబ ముందు పసివాడైపోతాడు. పాత్ర మారలేదు, వేషం మారలేదు, ‘నేను’ మారలేదు. ఎదుట ఉన్నవాళ్ళు మారారు, అంతే. ఎదుటి నటుణ్ణి అంత శ్రద్ధగా వినే నటుడికే అది సాధ్యం. ‘గుండమ్మ కథ’లో కొడుకుల వంక చూస్తూ ఆయన కళ్ళలో మెరిసే కొంటెతనం, కీచకుడిగా సైరంధ్రి వంక చూసినప్పటి చూపు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే మనిషేనా అనిపిస్తుంది.

6. యాసకు ఏ వేషం ఇచ్చాం

ఇప్పుడొక నిష్ఠురమైన మాట చెప్పాలి. మన ప్రాంతానికే చెప్పాలి.

తెలుగు క్రియ చివర మనిషి ఉంటాడన్నాను. ఊరు కూడా ఉంటుంది. మనం ‘వచ్చాను’ అంటాం. రాయలసీమలో ‘వచ్చినాను’ అంటారు. తెలంగాణలో ‘వచ్చిన’ అంటారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ‘నేను’ కాస్తా ‘నాను’ అవుతుంది. జపాను ‘ఒర’ చేసే పని మన దగ్గర ఈ ప్రత్యయాలు చేస్తాయి. రావిశాస్త్రి గారి కథల్లో పేదవాడి బతుకంతా ఆ మాటతీరులోనే వినిపిస్తుంది.

సినిమా ఏం చేసింది? కృష్ణా గుంటూరు మాటను కథానాయకుడికి ఇచ్చింది. తెలంగాణ మాటను, ఉత్తరాంధ్ర మాటను చాలాకాలం హాస్యగాడికీ పనివాడికీ ఇచ్చింది. సీమ మాటను కత్తులు పట్టేవాడికి ఇచ్చింది. కిన్సుయి గారు జపాను కథల గురించి చెప్పింది కూడా ఇదే: ప్రామాణిక భాష నాయకుడికి, మాండలికం పక్కవాళ్ళకు. వేషభాష రచయితకు సులువైన పనిముట్టు, మనుషులకు అది ఒక్కోసారి సంకెల. కోట్లమంది కన్నతల్లి దగ్గర నేర్చుకున్న ‘నేను’ను హాల్లో నవ్వులాట చేయడం అన్యాయం. ఆ అన్యాయంలో లాభపడింది మన జిల్లాల మాట. కాబట్టి సరిదిద్దే బాధ్యత కూడా ముందు మనదే.

మార్పు మొదలైంది. 2017లో ‘ఫిదా’ నాయిక తెలంగాణ మాటలో తలెత్తుకుని నిలబడింది. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ విశాఖ వాడల మాటను ప్రేమకథల మాట చేసింది. 2023లో ‘బలగం’ చావింట్లో కూర్చున్న తెలంగాణ కుటుంబం కథతో రాష్ట్రాలు దాటి ప్రేక్షకులను ఏడిపించింది. పల్లె ‘ఒర’తోనే గోకూ లోకవీరుడైనట్టు, మన ‘నాను’, మన ‘వచ్చిన’ నాయకులు కాగలవని ఇవి రుజువు చేశాయి.

7. తెలుగు మాటలు రాసేవాళ్ళకు

చివరి మెట్టు. ఆనిమేకు తెలుగు మాటలు రాయాల్సిన పిల్లలు ఈ సభలోనే ఉండవచ్చు. ఆ పనిని చిన్నదిగా చూడకండి. 1950లో తెలుగులో తొలి డబ్బింగ్ సినిమా ‘ఆహుతి’కి రాసింది మహాకవి శ్రీశ్రీ.

ఒక పరీక్ష పెడతాను. మకోతో షింకాయ్ 2016లో తీసిన ‘యువర్ నేమ్’లో ఒక పల్లెటూరి అమ్మాయి టోక్యో అబ్బాయి ఒంట్లో నిద్రలేస్తుంది. స్నేహితులతో మాట్లాడుతూ అలవాటు కొద్దీ ‘వతషి’ అంటుంది. వాళ్ళు వింతగా చూస్తారు. ‘వతకుషి’ అంటుంది, ‘బొకు’ అంటుంది, చివరికి ‘ఒరె’ అంటే వాళ్ళ ముఖాలు తేటపడతాయి. దీన్ని తెలుగులో ఎలా చెప్పిస్తారు? నాలుగుసార్లు ‘నేను’ అంటే అర్థం కాదు. జపాను మాటల్ని అలాగే ఉంచితే మన అమ్మమ్మకు అందదు.

మన భాష మనకు దారి చూపుతుంది. ఇందాక నామవాచకం చివర ‘నేను’ అంటుకుంటుందన్నాను. తెలుగులో ‘నేను’ ఆడా మగా తేల్చకుండా దాటిపోయే ఇల్లే, కానీ ఒక్క కిటికీ తెరిచి ఉంది. ‘కొత్తవాణ్ణి’, ‘కొత్తదాన్ని’. దారి ఎందుకు తప్పావురా అని స్నేహితులు అడిగితే ఆ అబ్బాయి ఒంట్లోని అమ్మాయి ‘కొత్తదాన్ని కదా’ అని నోరుజారాలి. వాళ్ళు తేరిపార చూడాలి. ‘కొత్తమనిషిని’ అని సర్దుకోవాలి. ఆ తరవాత ‘అంటే, కొత్తవాణ్ణి కదరా’ అనాలి. అప్పుడు హాలంతా నవ్వుతుంది, ఆ అమ్మాయి కంగారూ అందరికీ తెలుస్తుంది.

కెన్షిన్‌కు కూడా ఇలాగే. ‘సెస్ష’కు సరిపడే మాటకోసం నిఘంటువులు వెతకొద్దు. అతని అణకువను ఎదుటివాళ్ళను పిలిచే పిలుపులో పెట్టండి. చిన్నపిల్లతో కూడా ‘మీరు’, ‘అండీ’ అంటూ మాట్లాడించండి. పాత హంతకుడు లేచిన క్షణంలో ఆ ‘మీరు’ ఒక్కసారిగా ‘నువ్వు’ కావాలి. జపానువాడు తన వైపు తిప్పుకున్న కత్తిని తెలుగువాడు ఎదుటివాడి వైపు తిప్పుతాడు. ఝల్లుమనే గుండె మాత్రం ఒకటే. గోకూకు ఏదో ఒక ప్రాంతపు ప్రత్యయం ఇవ్వండి, నవ్వుకోసం కాకుండా ప్రేమతో ఇవ్వండి.

సొంత కథలు రాసేవాళ్ళకూ ఇదే నా విన్నపం. పాత్రకు పేరు, ఊరు, ఉద్యోగం పెట్టగానే రాయడం మొదలుపెట్టకండి. ఆ మనిషి తల్లిని ఏమని పిలుస్తాడు, కూలివాణ్ణి ఏమని పిలుస్తాడు, కోపం వస్తే ఏ మెట్టు దిగుతాడు, ఎక్కడ ‘మా’ అంటాడు, ఎక్కడ ‘నా’ అంటాడు, ఎవరిని ‘మనం’లోకి రానిస్తాడు, ఎవరిని గడప బయటే నిలబెడతాడు అన్నవి ముందు తేల్చుకోండి. అవి తేలితే పాత్ర మీ సాయం లేకుండా మాట్లాడుతుంది. వాటికోసం పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. మీ అవ్వాతాతల మాట వినండి, వీలైతే ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. తోటలో, సంతలో, బస్సులో చెవి ఒగ్గి వినండి. ఇక్కడ పుట్టిన రంగారావు గారికి దేశదేశాల మెప్పు తెచ్చింది ఈ తెలుగు మాటే. దాన్ని మీ తరం తెర మీద నిండుగా పలికించండి.